గాజు పెట్టెలో పచ్చ గోడ

2006లో బీడీ కార్మికుల కోసం కట్టిన కుంభారి గోదూతాయి పరుళేకర్ వసాహత్‌లో మా ఇంటామె పేరు మీద ఇల్లు వచ్చింది. ఈమధ్య ఆ ఇంట్లోకి చేపల పెట్టె కావాలని మనుమడు పట్టుబట్టిండు. "నల్లా రోజూ రాదు, బిందెలు లెక్కబెట్టుకుంటున్నం. చేపలకు నీళ్లెక్కడివి?" అన్నది ఇంటామె. ఆమె మాట తప్పు కాదు. ఒక్క చెంబు నీళ్లు కూడా వృథా పోనియ్యనని మాట ఇచ్చిన.

పెట్టె రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. సుమారు 50 లీటర్లు పడుతయి. దాని వెనక అద్దానికి పచ్చ గోడ పెంచుదామనుకున్నం. జావా మాస్ అనే నీటి నాచుకు మట్టి అక్కర లేదు. రెండు ప్లాస్టిక్ జాలీల నడుమ పల్చగా పరచి, చుట్టూ కుట్టి, రబ్బరు కప్పులతో అద్దానికి అంటించాలె. దట్టంగా పెడితే లోపలిది వెలుగు అందక చస్తది.

కుట్టుడు నాకెంత పని! నలభై ఏండ్లు చద్దర్ల సాంచాల మీద తెగిన పోగులు ముడేసినోణ్ణి. గర్వంగా నూలు దారంతో కుట్టిన. కొన్ని వారాలకు నూలు నీళ్లల్ల కుళ్లి, జాలీ విడిపోయి, నాచంతా పైకి తేలింది. మనుమడు నవ్విండు. రెండోసారి నైలాన్ దారం తెచ్చిన.

రెండో తప్పు పెద్దది. నల్లా నీళ్లు పట్టిన వెంటనే పెట్టెలో పోసిన. బ్లీచింగ్ మందుకు మూడు గప్పీ చేపలు తెల్లారేసరికి చచ్చినయి. పోరడు ఆ పూట అన్నం తినలే. అప్పటినుంచి బకెట్ నీళ్లు ఒక రోజు మూత లేకుండా ఉంచి పోస్తున్న. వారానికి ఒక్క బకెట్టే మారుస్తం. తీసిన నీళ్లు తులసమ్మకు, మిరప చెట్లకు. చేపల మురికి వాటికి ఎరువే. ఇప్పుడు ఆ బకెట్ కోసం ఇంటామే ఎదురుచూస్తది.

బల్బు రోజుకు ఆరేడు గంటలు చాలు, ఎక్కువైతే అద్దానికి పాకుడు పడుతది. నాచుకు వేడి పడదు, మన సోలాపూర్ ఎండ మీకు తెలిసిందే. పెట్టెను కిటికీకి దూరంగా పెట్టాలె.

మూడు నెలలకు జాలీ కనబడకుండ పచ్చగ అల్లుకున్నది. గప్పీ తన పిల్లలను తనే తింటది. ఈసారి పిల్లలు ఆ గోడలో దాక్కొని బతికినయి. పోరడు పదకొండు లెక్కబెట్టిండు.

పెరిగిన నాచును కత్తిరించి దాచిన. జాలీ, నైలాన్ దారం మీరు తెచ్చుకోండి, పిడికెడు నాచు నేనిస్త.