ఉట్టి తాళ్లు ఎంతకని మోస్తాయి?

పాప పుట్టిన ఆర్నెల్లకి మళ్లీ ఆఫీసులో చేరాను. రెండోరోజు పొద్దున్నే టీమ్ మీటింగు. అందరం నిలబడి మాట్లాడుకుంటుంటే తుమ్మొచ్చింది. బట్టలు తడిశాయి. ఎవరూ గమనించలేదు గానీ నాకు ఏడుపు తన్నుకొచ్చింది.

ఇంటికొచ్చి అమ్మకి చెబితే, "కాన్పయ్యాక మామూలేనే. నువ్వు పుట్టినప్పట్నుంచీ నాకూ ఉంది" అంది. బస్సు ప్రయాణం అంటే అమ్మ పొద్దుట్నుంచీ మంచినీళ్లు ఎందుకు ముట్టదో అప్పుడర్థమైంది.

మర్నాడే ఫిజియోథెరపిస్టుని కలిశాను. మనం రెండు కాళ్ల మీద నిలబడతాం కదా, పొట్టలోని బరువు కిందికి దిగుతుంది. అడుగున, ముందున్న ఎముక నుంచి వెనకున్న తోక ఎముక దాకా ఉయ్యాల గుడ్డలా పరుచుకున్న కండరాలుంటాయి. అవే పెల్విక్ ఫ్లోర్. మూత్రాశయం, గర్భసంచి, పెద్దపేగు చివరి భాగం... వీటన్నిటికీ కింది ఆసరా అదే. లిగమెంట్లనే గట్టి పట్టీలు వాటిని ఎముకలకి కట్టి ఉంచుతాయి. నిటారుగా నిలబడేటప్పుడు పొట్ట, వెన్ను కండరాలతో కలిసి నడుముకి పట్టునిచ్చేదీ ఈ పెల్విక్ ఫ్లోరే.

ఉట్టి మీద కుండని ఊహించుకోండి. కింద చెయ్యి ఆనిస్తే తాళ్లకి శ్రమ ఉండదు. చెయ్యి తీసేస్తే భారమంతా తాళ్లదే. ఏళ్ల తరబడి మోస్తే సాగిపోతాయి. ఆ చెయ్యి కండరం, తాళ్లు లిగమెంట్లు. కండరం వ్యాయామంతో మళ్లీ బలపడుతుంది. సాగిన లిగమెంటు అంత తేలిగ్గా బిగవదు.

వ్యాయామం చాలా చిన్నది. గ్యాస్‌నీ మూత్రాన్నీ ఆపుకుంటున్నట్టు లోపలికి బిగించి ఐదు సెకన్లు ఉంచాలి, అంతసేపూ వదలాలి. పదేసిసార్లు, రోజుకి మూడు పూటలు. ఊపిరి బిగపట్టకూడదు. ఫలితం కనిపించడానికి రెండు మూడు నెలలు పడుతుంది. కిందికి ఏదో జారినట్టున్నా, నొప్పున్నా ముందు డాక్టర్‌కి చూపించుకోండి.

ఈ వ్యాయామం గురించి ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికన్ డాక్టర్ 1948లోనే రాశారు. అప్పటికి మా అమ్మ పుట్టనే లేదు. "మామూలే" అన్న ఒక్క మాట అడ్డుపడి, ఆ సంగతి మా ఇంటికి ఇన్నేళ్లకి చేరింది.

ఇప్పుడు సాయంత్రం టీవీ ముందు కూర్చుని ఇద్దరం చేస్తున్నాం. పైకేమీ కనబడదు. "ఏంటీ, ఇద్దరూ ఇంత నిశ్శబ్దం?" అంటారు నాన్న. మొన్న విజయవాడలో పెళ్లికి బస్సెక్కేముందు అమ్మ గ్లాసుడు మంచినీళ్లు తాగింది. నేను చూడనట్టే ఉన్నాను.