శనివారం గానుగ ఆపినవాళ్ళు

గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే యూదులున్నారని ఎవరికైనా చెప్పి చూడండి. వెంటనే వచ్చే మాట ఒకటే: "నిజం యూదులేనా?"

బెనె ఎఫ్రాయిం అని పిలుచుకునే ఆ కుటుంబాలు మాదిగ వాడ నుంచి వచ్చినవి. కాబట్టి ఆ ప్రశ్నలో సగం కులమే ఉంటుంది. వాళ్ళు ఇంట్లో ఏం చేస్తున్నారని ఎవరూ అడగరు. వంశం కావాలి, కాగితం కావాలి, కుదిరితే డి.ఎన్.ఎ. కూడా కావాలి.

ఈ ఆరా మన దగ్గరే పుట్టలేదు. 1960లలో ఇజ్రాయెల్‌కు వలస వెళ్ళిన మహారాష్ట్ర బెనె ఇజ్రాయేల్ వాళ్ళ పెళ్ళిళ్ళకు అక్కడి రబ్బీలు వంశం తవ్వారు. వాళ్ళు రోడ్డెక్కాక, 1964లో ప్రభుత్వం వాళ్ళని అన్ని విధాలా యూదులేనని ప్రకటించాల్సి వచ్చింది. మరి అప్పటిదాకా వాళ్ళని యూదులుగా నిలబెట్టిందేమిటి? కొంకణ తీరంలో నూనె గానుగలు ఆడించుకుని బతికిన ఆ జనం హీబ్రూ చాలావరకు మర్చిపోయారు. శనివారం గానుగ ఆపడం మాత్రం మర్చిపోలేదు. ఊరివాళ్ళు వాళ్ళకి పెట్టిన పేరే 'శన్వార్ తేలీ', అంటే శనివారం పని చెయ్యని నూనెవాళ్ళు. ఏ సర్టిఫికెట్ ఇంతకంటే గట్టిది?

అస్తిత్వం అంటే నా లెక్కలో ఇదే. ఇంట్లో దానికోసం ఏదో ఒకటి వదులుకోవాలి. కూలి ఇంట్లో ఒక రోజు పని మానడమంటే ఒక రోజు డబ్బులు పోవడం. ఇంటిపేరు చెప్పుకోవడానికీ, ప్రొఫైల్‌లో నక్షత్రం పెట్టుకోవడానికీ ఏమీ పోదు. అందుకే పిల్లలకి అందులోంచి ఏమీ రాదు.

"అయితే ఆచారాలు పాటిస్తే చాలా?" అంటారు. చాలదు. శుక్రవారం పొద్దు గుంకేలోపు వంటంతా అయిపోవాలి, దీపాలు వెలగాలి. ఆ వంట ఎవరు చేస్తున్నారు? తోరాలో విశ్రాంతి ఆజ్ఞ కొడుకునీ కూతుర్నీ దాసదాసీల్నీ చెప్తుంది, ఎద్దునీ గాడిదనీ కూడా మర్చిపోదు. భార్యని మాత్రం విడిగా చెప్పదు. 'నువ్వు' అన్నదాంట్లో ఆమె కూడా ఉందని పండితులు సర్దిచెప్పొచ్చు. ఆ సర్దుబాటు వంటింట్లో కనపడాలి కదా! అమ్మ ఒక్కతే అలిసిపోయి, మిగతావాళ్ళు ఫోన్లు చూసుకునే చోట దీపాలు వెలుగుతాయంతే. షబ్బత్ రాదు.

పాసోవర్ రాత్రి భోజనం దగ్గర ఇంట్లో అందరికంటే చిన్నవాళ్ళు ప్రశ్నలడగాలి. పొంగని రొట్టె ఎందుకు, చేదు ఆకులు ఎందుకు అని. పెద్దవాళ్ళు ఈజిప్టు దాస్యం కథ చెప్పాలి. మతాన్ని పిల్లల ప్రశ్నతో మొదలుపెట్టడం ఎంత ధైర్యమో ఆలోచించండి. ఆ పిల్ల ఇంకొక్క ప్రశ్న వేస్తే? "మనం దాసులమైతే, మనింట్లో పనిచేసే ఆవిడకి సెలవేది?" అంటే? "నోర్మూసుకుని తిను" అన్న ఇంట్లో ఆ కథ ఆ రాత్రే చచ్చిపోతుంది.

కాబట్టి కొత్తరెడ్డిపాలెం వాళ్ళని "నిజమేనా?" అని అడగడం మానేద్దాం. అడగాల్సింది ఏ ఇంటినైనా అడగొచ్చు, మనింటినైనా: మీ నమ్మకం వల్ల ఈ వారం ఎవరికి కాస్త విశ్రాంతి దొరికింది?