నవ్వు ఎవరి మీద?

మన హాస్టల్లో ఆదివారం టీవీ పెడితే అందరికీ కామెడీయే కావాలి. నాకూ ఇష్టమే. కాని ఒక విషయం మీద నా అభిప్రాయం రాయాలనిపించింది.

ఈమధ్య ఒక స్కిట్టులో ఒకాయన నెత్తికి ఈకలు కట్టుకొని, మెడనిండా పూసలేసుకొని కోయదొర వేషంలో వచ్చాడు. వచ్చీరాని తెలుగులో ఏదో అరిచాడు. టీవీలో వాళ్ళంతా పడీ పడీ నవ్వారు. మన పిల్లలు కూడా నవ్వారు. నేను కోయపిల్లనే. మావాళ్ళు కొమ్ములు, నెమలి ఈకలు పెట్టుకునేది పండగలకు, పెళ్ళిళ్ళకు ఆడేటప్పుడు. మా నాయన సంతకు లుంగీ, చొక్కాతోనే పోతాడు. ఆ స్కిట్టు రాసినాయన మా ఊరు చూసి రాయలేదు, ఇంకో స్కిట్టు చూసి రాసుంటాడు.

హాస్యం రాసేవాళ్ళంతా అట్లాగే రాస్తారా? ధర్మవరపు సుబ్రహ్మణ్యం గారున్నారు. ప్రకాశం జిల్లా పల్లెటూరాయన. సర్కారు ఉద్యోగం చేసినాయన. హైదరాబాదు దూరదర్శన్‌లో 'ఆనందో బ్రహ్మ' అనే హాస్య సీరియల్‌కు తానే రాసి తానే నటించారు. దానితోనే జనానికి బాగా తెలిశారు. తరువాత సినిమాలు. 'తోకలేని పిట్ట' అనే సినిమాకు దర్శకత్వం కూడా చేశారు. 2013 డిసెంబరు 7న చనిపోయారు. 2001లో వచ్చిన 'నువ్వు నేను'లో ఆయన లెక్చరరు. ఆ పాఠం చూసి మనం నవ్వేది లెక్చరరు గారి గొప్పల మీద. బీదవాళ్ళ మీద కాదు.

పోయిన జనవరిలో మమ్మల్ని నుమాయిష్‌కి తీసుకుపోయారు. అది 1938లో మొదలైందట. ఇప్పుడు నాంపల్లి మైదానంలో జరుగుతుంది. అక్కడి నుంచి ఆబిడ్స్ వైపు నడుస్తుంటే ఫుట్‌పాత్ మీద ఒకాయన ఈకలు పెట్టుకొని వేర్లు, నూనెలు అమ్ముతున్నాడు. కోయ మందులంట! "మీదే ఊరు?" అని మా భాషలో అడిగాను. ఆయన అటూ ఇటూ చూసి, "ఏం పాపా, జుట్టుకా?" అన్నాడు. పాపం, ఆయనదీ పొట్టకూటి వేషమే. కాని స్కిట్టంటే అదీ!

ఇంకొకటి. నేను కోయ అని సర్టిఫికెట్ కోసం మా నాయన ఒక ఆఫీసు చుట్టూ ఆరుసార్లు తిరిగాడు. రేపు రా, ఇంకో కాగితం తే, సారు మీటింగుకి పోయారు. టీవీలో ఐతే రెండు ఈకలు పెడితే చాలు, కోయ అయిపోతారు. దీన్నెవరూ ఎందుకు రాయరు? మనలో రాసేవాళ్ళు లేకనే అని నేనంటాను. డాక్టరు, టీచరు, కలెక్టరు అవుతామని అందరం చెప్తాం. హాస్యం రాస్తానని ఒక్కరూ చెప్పరు, అదీ ఉద్యోగమేనని మనకు తెలియదు. 1985లో పెట్టిన తెలుగు విశ్వవిద్యాలయం నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో చాలా ఏళ్ళు నడిచింది. అందులో నాటకం కూడా ఒక చదువే.

వచ్చే శనివారం బాలసభకు ఆ సర్టిఫికెట్ కథే స్కిట్టుగా రాస్తున్నాను. నాయన వేషం నేనే వేస్తాను. ఆఫీసరు వేషానికి గట్టిగా అరవగలిగే వాళ్ళు ఒకరు కావాలి. బల్ల, కుర్చీ, కళ్ళద్దాలు సరిపోతాయి. ఈకలు అక్కర్లేదు.

— 9వ తరగతి విద్యార్థిని