కడలి అడుగు చూసొద్దామా!

కలకడ నుంచి ఎటు వెళ్లినా సముద్రం చూడాలంటే ఓ పూట ప్రయాణం తప్పదు. అయితేనేం, బెంగళూరులో ఉద్యోగాలు చేసే పిల్లలు సెలవులకి ఇంటికొచ్చి ‘ఈసారి అందరం స్కూబా డైవింగ్‌కి వెళ్దాం’ అంటున్న రోజులివి. పెద్దవాళ్లకేమో సరదా ఒకపక్క, గుండెదడ ఒకపక్క! మరి మొదటిసారి మునిగేవాళ్లు ఎక్కడికెళ్లాలి? ఎప్పుడెళ్లాలి?

నీళ్లు వెచ్చగా ఉండాలన్నది మొదటి మాట. గాలికన్నా నీరు ఇరవై రెట్లకు పైగా వేగంగా ఒంట్లో వేడిని లాగేస్తుంది. వణుకు మొదలైతే ఊపిరి వేగం పెరుగుతుంది, సిలిండర్లో గాలి త్వరగా అయిపోతుంది. చన్నీళ్లలో దళసరి సూటు వేసుకోవాలి. అది పైకి తేలకుండా నడుముకి మరిన్ని సీసం బరువులు కట్టుకోవాలి. కొత్తవాళ్లకి ఇదంతా తలనొప్పే. అదృష్టం కొద్దీ మన దక్షిణాది సముద్రాలన్నీ వెచ్చనివే. కాబట్టి మనం చూడాల్సింది అలలు, నీటి తేట, లోతు. ఈ మూడింటినీ తేల్చేది క్యాలెండరే!

ఏ సెలవులకి ఎక్కడికి?

దీపావళి దాటాక అయితే కర్ణాటకలోని మురుడేశ్వర్. అక్కణ్నుంచి పడవలో నేత్రాణి దీవికి తీసుకెళ్తారు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాలతో పడమటి తీరం అల్లకల్లోలంగా ఉంటుంది. ఆ నెలల్లో అటు చూడొద్దు.

సంక్రాంతి నుంచి ఏప్రిల్ వరకు అండమాన్‌కి సాటి లేదు. చెన్నై నుంచి శ్రీవిజయపురానికి (2024 దాకా పోర్ట్‌బ్లెయిర్) విమానంలో, అక్కణ్నుంచి స్వరాజ్ ద్వీప్‌కి (పాత పేరు హావ్‌లాక్) ఓడలో వెళ్లాలి. అక్కడి ‘నీమో రీఫ్’లో ఒడ్డు నుంచే నడుచుకుంటూ దిగొచ్చు. లోతు తక్కువ కాబట్టి కొత్తవాళ్లకి అనువైన చోటు. ఖర్చు మాత్రం ఎక్కువే.

పరీక్షలయ్యాక, కారులోనే వెళ్లొద్దామనుకుంటే పుదుచ్చేరి. మన రాష్ట్రంలోనే కావాలంటే విశాఖలోని రుషికొండ. ఈ రెండుచోట్లా నీటి తేట రోజుకో తీరుగా ఉంటుంది. ముందురోజు ఫోన్ చేసి కనుక్కోండి. వేసవిలో తుపాను హెచ్చరికలూ గమనించండి. ఈశాన్య రుతుపవనాల కాలంలో, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పుదుచ్చేరి వద్దు.

బావి ఈత వేరు

ఈత రాకపోయినా ‘ట్రై డైవ్’ చేయొచ్చు. శిక్షకుడు వెన్నంటే ఉంటాడు. పదేళ్లు నిండాలి, 12 మీటర్లకి మించి దిగకూడదు. సర్టిఫికెట్ కోర్సయితే మూడు నాలుగు రోజులు పడుతుంది. దానికి 200 మీటర్లు ఈదాలి, పది నిమిషాలు తేలగలగాలి. నడుముకి సొరబుర్ర కట్టుకుని బావిలో ఈత నేర్చినవాళ్లకి ఇదో లెక్కా! కానీ ఒక్క అలవాటు మార్చుకోవాలి. బావిలో ఊపిరి బిగబట్టి మునుగుతాం. స్కూబాలో ఊపిరి ఎప్పుడూ బిగబట్టకూడదు. పది మీటర్ల లోతులో పీల్చిన గాలి పైకొచ్చేసరికి రెట్టింపు చోటు కోరుతుంది. బిగబడితే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. జలుబున్నా దిగొద్దు, చెవులు తట్టుకోలేవు. ఆస్తమా, గుండెజబ్బు, మూర్ఛ ఉన్నవాళ్లు డాక్టర్ని అడగందే బయల్దేరొద్దు. గర్భిణులు అసలే వద్దు. ఆరోగ్యం గురించి ఒక్క ప్రశ్నయినా అడగకుండా సూటు తొడిగేస్తున్నారంటే అక్కణ్నుంచి వచ్చేయండి. శిక్షకుడి కార్డు, పడవలో ఆక్సిజన్ సిలిండర్ ఉన్నాయో లేదో కూడా చూడండి.

కొండెక్కే తొందరొద్దు

మనవైపు వాళ్లు తప్పక గుర్తుంచుకోవాల్సింది ఇది. నీటి అడుగున ఒత్తిడికి నత్రజని రక్తంలో కరుగుతుంది. వెంటనే ఎత్తుకి వెళ్తే గోళీసోడా కొట్టినట్టు బుడగలు కడుతుంది. కీళ్లనొప్పుల నుంచి పక్షవాతం దాకా తేవచ్చు. అందుకే ఒక్కసారి మునిగితే 12 గంటలు, అంతకన్నా ఎక్కువసార్లు మునిగితే 18 గంటలు ఆగాకే విమానం ఎక్కమంటారు. ఈ సూచన 2,000 అడుగులు దాటే ఎత్తులన్నిటికీ వర్తిస్తుంది. మదనపల్లె దాదాపు 2,300 అడుగుల ఎత్తులో ఉంది. బెంగళూరు ఇంకా ఎత్తు. హార్సిలీ హిల్స్ అయితే నాలుగు వేల అడుగుల పైమాటే! అంటే పుదుచ్చేరిలో మధ్యాహ్నం మునిగి, రాత్రికి కారులో మదనపల్లె చేరడం మంచిది కాదు. ఆ రాత్రి తీరంలోనే పడుకోండి. ఎక్కువసార్లు మునిగితే మర్నాడు కూడా నింపాదిగా బయల్దేరండి. మార్కెట్‌కి పోవాల్సిన టమోటా ఆగదు గానీ, మనం ఓ పూట ఆగొచ్చు కదా!