తప్పెవరిదో తేలకుండా రాజీ తగదు

కొయ్యూరు: కొండ దారిలో జీపో, ఆటోయో ప్రమాదానికి గురైతే పోలీసులు రాకముందే పెద్దమనుషులు రాజీ కుదర్చడం వల్ల నష్టపోయేది బాధితులే.

తప్పు ఎవరిదన్నది నోటిమాటతో తేలేది కాదు. ఇరుకైన ఏటవాలు రోడ్డుపై దిగే బండి ఎక్కే బండికి దారి ఇవ్వాలి. మలుపులో తన ఎడమపక్క వదిలి వచ్చి ఎదుటి బండిని ఢీకొంటే, సాధారణంగా అలా వచ్చినవాడిదే తప్పు. వెనుకనుంచి గుద్దితే, తగినంత దూరం పాటించని వెనుక డ్రైవరే జవాబుదారీ. బ్రేకులు ఫెయిలయ్యాయంటే చాలదు. బండిని మంచి స్థితిలో ఉంచినట్లు యజమాని రుజువు చేసుకోవాలి.

టైర్ల జాడలు, బండ్లు ఆగిన తీరు, పంచనామా, సాక్షుల మాటలే ఇందుకు ఆధారం. కనుక క్షతగాత్రులను 108లో ఆస్పత్రికి పంపి, బండ్లను కదపకముందే ఫోటోలు తీయించాలి.

2021 ఫిబ్రవరిలో అనంతగిరి మండలం డముకు వద్ద పర్యాటకుల బస్సు లోయలో పడి నలుగురు మరణించారు. ఇలాంటి ప్రమాదాలలో ప్రయాణికుల తప్పేముంటుంది? 2022 నుంచి అమలులో ఉన్న నిబంధన ప్రకారం, ఎవరి తప్పూ రుజువు చేయకుండానే మృతుని కుటుంబానికి 5 లక్షలు, తీవ్రంగా గాయపడినవారికి రెండున్నర లక్షల రూపాయల పరిహారం కోరవచ్చు. 6 నెలలలోగా ట్రిబ్యునల్‌లో దరఖాస్తు చేయడం మేలు.

పోలీసులు ఈ సంగతులు సంతరోజున గిరిజనులకు తెలియజెప్పవలసి ఉంది.