రిమోట్లు కాదు బాబూ, పెట్టెలు తగ్గించండి

మన సాఫ్ట్‌వేర్ జనాభాకి ఒక జబ్బు వుంది. ఎక్కడ చిక్కుముడి కనిపించినా విప్పకుండా దాని మీద ఇంకో పొర కప్పేస్తాం. ఆఫీసులో దాన్ని రాపర్ అంటాం, ఇంట్లో యూనివర్సల్ రిమోట్ అంటాం.

టీవీకొకటి, సెట్‌టాప్ బాక్సుకొకటి, సౌండ్‌బార్‌కొకటి, స్ట్రీమింగ్ డబ్బాకొకటి. టీపాయ్ మీద నాలుగు రిమోట్లు. పండక్కి ఊరెళ్ళిన సుపుత్రుడు అది చూసి చలించిపోయి ఓ యూనివర్సల్ రిమోట్ తెప్పిస్తాడు. రెండు గంటలు కూర్చుని కాన్ఫిగర్ చేసి, "ఇంక ఒక్క బటన్ చాలు నాన్నా" అని బస్సెక్కేస్తాడు. పాత నాలుగూ సొరుగులోకి వెళ్తాయి. వారం తిరక్కుండా మళ్ళీ బయటికొస్తాయి. ఇప్పుడు మొత్తం ఐదు.

ఎందుకిలా అవుతుందో ఇంజనీర్లకి నేను చెప్పాలా? అయినా చెప్తాను. ఇన్‌ఫ్రారెడ్ రిమోట్ చేసేదల్లా ఓ 38 కిలోహెర్ట్జ్ దరిదాపుల్లో కాంతిని మిణుకుమిణుకుమనిపించి ఒక కోడ్ పంపడం. ఎన్‌ఈసీ ప్రోటోకాల్ అయితే 32 బిట్లు, అంతే. అది అవతలి పెట్టెకి అందిందో లేదో రిమోట్‌కి తెలీదు. యూడీపీ ప్యాకెట్ విసిరేసి చేతులు దులుపుకున్నట్టన్నమాట. పైగా చాలా పెట్టెల రిమోట్లలో ఆన్‌కీ ఆఫ్‌కీ ఒకటే కోడ్. వెలిగి వుంటే ఆర్పుతుంది, ఆరి వుంటే వెలిగిస్తుంది.

ఇప్పుడు మీ "ఒక్క బటన్" మేక్రో మూడు పెట్టెలకి మూడు పవర్ కోడ్లు పంపింది. సరిగ్గా అప్పుడే అమ్మ కాఫీ గ్లాసుతో సౌండ్‌బార్‌కి అడ్డంగా నడిచింది. టీవీ వచ్చింది, బాక్స్ వచ్చింది, సౌండ్ రాలేదు. నాన్న మళ్ళీ నొక్కాడు. సౌండ్ వచ్చింది, మిగతా రెండూ ఆరిపోయాయి. ఇంక ఎన్నిసార్లు నొక్కినా మూడూ ఒకేసారి వెలగవు. కొండ నాలుకకి మందేస్తే వున్న నాలుక ఊడటం అంటే ఇదే.

"హార్మొనీ లాంటి మంచి రిమోట్లున్నాయి కదా" అంటారు. వున్నాయి. ఏ పెట్టె ఆన్‌లో వుందో అది తన మెమరీలో రాసుకునేది. అదీ తప్పితే హెల్ప్ బటన్ నొక్కాలి, అప్పుడు "టీవీ ఆన్ అయిందా?" అని మననే అడిగేది! పాపం వాళ్ళ తప్పేం లేదు, ఇన్‌ఫ్రారెడ్‌తో అంతకంటే చెయ్యలేరు. కానీ మనిషి కోసం రిమోటా, రిమోట్ కోసం మనిషా? 2004లో ఆ కంపెనీని కొన్న లాజిటెక్, 2021 ఏప్రిల్లో హార్మొనీ రిమోట్ల తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. అంతకు చాలాముందే, 1987లో, ఆపిల్ వోజ్నియాక్ అంతటివాడు "కోర్" అనే ప్రోగ్రామబుల్ రిమోట్ తెచ్చాడు. ఇన్నేళ్ళుగా ఇంత తెలివి పోసినా చిక్కు విడలేదంటే లోపం తెలివిలో లేదు. మనం పట్టుకున్న లేయరే తప్పు.

పెట్టెలు ఒకదాన్నొకటి అడిగి తెలుసుకునే దారి 2002లో వచ్చిన మొదటి హెచ్‌డీఎంఐ స్పెసిఫికేషన్‌లోనే వుంది. పేరు సీఈసీ. కేబుల్లో 13వ పిన్ దానికే. "నువ్వు ఆన్‌లో వున్నావా?" అని అడగొచ్చు, జవాబు వస్తుంది. టీవీ ఆపితే అన్నీ ఆగుతాయి, టీవీ రిమోట్‌తోనే సౌండ్‌బార్ వాల్యూమ్ పెరుగుతుంది. మరి జనానికి ఎందుకు తెలీదు? ఒకడు దాన్ని ఎనీనెట్ ప్లస్ అన్నాడు, ఒకడు సింప్‌లింక్ అన్నాడు, ఇంకొకడు బ్రావియా సింక్, మరొకడు వియెరా లింక్. సెట్టింగుల్లో ఏ మూలో దాచారు. వేర్వేరు కంపెనీల పెట్టెలకి ఒక్కోసారి పొసగదు కూడా. తిలా పాపం తలా పిడికెడు.

ఇక మన దగ్గర ఇంకో సంగతి. అనలాగ్ రోజుల్లో కేబుల్ వైరు తిన్నగా టీవీ వెనకాల గుచ్చేవాళ్ళం, ఒక్క రిమోట్‌తో ఇల్లంతా నడిచేది. 2012లో మహానగరాల్లో మొదలైన డిజిటైజేషన్ 2013లో హైదరాబాదుకీ విశాఖకీ వచ్చింది, ప్రతి టీవీకీ ఓ బాక్సు తగులుకుంది. ఏ బాక్సయినా ఏ ఆపరేటర్‌కైనా పనిచెయ్యాలని 2020లో ట్రాయ్ సిఫార్సు చేసింది. టీవీలోనే శాటిలైట్ ట్యూనర్ వుండేలా బీఐఎస్ ఒక ప్రమాణం రాసింది, ఐఎస్ 18112, 2022 నాటిది. అసలు పరిష్కారం వున్నది అటువైపు. కానీ కొత్త టీవీ కొనేటప్పుడు ఎన్ని అంగుళాలు, ఎంత క్యాష్‌బ్యాక్ అని తప్ప, "బాక్స్ లేకుండా నడుస్తుందా" అని మనలో ఎంతమంది అడుగుతాం?

ఇది గాడ్జెట్ల గొడవ అనుకుంటున్నారేమో, కాదు. రేడియో తిప్పినవాళ్ళు, దూరదర్శన్ కోసం డాబా ఎక్కి యాంటెన్నా సర్దినవాళ్ళు, ఇవాళ సొంత ఇంట్లో వార్తలు చూడ్డానికి పక్కింటి కుర్రాణ్ణి పిలవాల్సొస్తోంది. రెండుసార్లు పిలుస్తారు, మూడోసారి మొహమాటపడతారు. ఆ తర్వాత "ఏముందిలేరా టీవీలో, చూడబుద్ధి కావట్లేదు" అంటారు. మనం నమ్మేస్తాం.

ఇంట్లో ప్రొజెక్టరూ ఏవీ రిసీవరూ పెట్టుకుని సరదాపడేవాళ్ళు యూనివర్సల్ రిమోట్ కొనుక్కోండి, అది మీ హాబీ. అమ్మానాన్నల ఇంట్లో మాత్రం ముందు పెట్టెలు లెక్కపెట్టండి. స్మార్ట్ టీవీలోనే యాప్స్ వుంటే ఆ స్ట్రీమింగ్ డబ్బా పీకెయ్యండి. సౌండ్‌బార్ వాళ్ళడిగారా, మీరు తగిలించారా? మిగిలినవాటికి సీఈసీ ఆన్ చెయ్యండి. ఆఖరికి మీరు పక్కగదిలో కూర్చుని, వాళ్ళనే టీవీ ఆపి, వేసి, ఛానెల్ మార్చమనండి. మీరు నోరు విప్పాల్సొస్తే ఫెయిలయ్యింది యూజర్లు కాదు, మీ డిజైన్.

అది పాసయ్యాకే బస్సెక్కండి.