సగటు మాటున కోత

వయోవృద్ధుల రైలు రాయితీని ఎప్పుడు పునరుద్ధరిస్తారని పార్లమెంటులో ఎవరు అడిగినా రైల్వే శాఖ ఒకే కాగితం తీసి చదువుతోంది. 2023-24లో ప్రయాణికుల టికెట్లపై 60,466 కోట్ల రూపాయల సబ్సిడీ భరించామని, సగటున ఒక్కో ప్రయాణికుడికి 45 శాతం రాయితీ అందుతోందని, వంద రూపాయలు ఖర్చయ్యే ప్రయాణానికి 55 రూపాయలే తీసుకుంటున్నామని ఆ కాగితం సారాంశం. ఇస్తామని చెప్పరు, ఇవ్వబోమనీ చెప్పరు. అడిగింది అరవై దాటినవాళ్ల గురించి, చెప్పేది దేశంలోని ప్రతి టికెట్టు గురించి. ఏళ్ల తరబడి ఇదే తంతు. అంకె మారుతుంది, ఆనవాయితీ మారదు. అంతకుముందు 46 అన్న చోట ఆ తర్వాత 45 అన్నారు, అంతే.

రైల్వేకు డబ్బుల్లేవు, రాయితీ ఇవ్వలేం అని మంత్రి అశ్వినీ వైష్ణవ్ సూటిగా చెప్పి ఉంటే దాని మంచిచెడ్డలు వేరేగా మాట్లాడుకునేవాళ్లం. అది రాజకీయ నిర్ణయం అవుతుంది, దానికి జవాబుదారీ ఉంటుంది. కానీ ఇచ్చింది తీసేసి, ‘మీకు ఇప్పటికే ఇస్తున్నాం కదా’ అని చెప్పడం పెద్దవాళ్లను లెక్కలు రానివాళ్ల కింద జమకట్టడమే. ఈ లెక్క ఎంత డొల్లో శాఖవారి సొంత అంకెలే చెబుతాయి.

2020 మార్చి 20న రాయితీ ఆపినప్పుడు చెప్పిన కారణం కరోనా. పెద్దవాళ్లకు ముప్పు ఎక్కువ కనుక వాళ్లు అనవసర ప్రయాణాలు పెట్టుకోకుండా చూడటానికే అన్నారు. ఆనాడు ఎవరూ కాదనలేదు. సబ్సిడీ మాట, వంద రూపాయల ఉదాహరణ అప్పుడు ఎవరి నోటా రాలేదు. కరోనా పోయింది. కారణం పోయాక నిర్ణయమూ పోవాలి. అది పోలేదు సరికదా, దానికి కొత్త కారణం వెతికి తెచ్చారు. అదే ఈ సగటు.

ఆ సగటు ఏమైనా కొత్తగా పుట్టిందా? 2019-20లో ప్రయాణికుల సబ్సిడీ 59,837 కోట్లని, అది సగటున 53 శాతమని శాఖే పార్లమెంటుకు చెప్పింది. అదే ఏడాది అరవై నిండిన పురుషులకు 40 శాతం, యాభై ఎనిమిది నిండిన మహిళలకు 50 శాతం రాయితీ కూడా నడిచింది. అంటే అందరికీ 53 శాతం ఇస్తున్న రోజుల్లో పెద్దవాళ్లకు విడిగా ఇవ్వడానికి అడ్డురాని సబ్సిడీ, 45 శాతానికి తగ్గాక అడ్డొచ్చింది! ఇంకొంచెం ముందుకెళ్లి చూడండి. అప్పట్లో వంద రూపాయల ప్రయాణానికి జనం 47 రూపాయలు పెట్టుకున్నారు, ఇప్పుడు 55 పెట్టుకుంటున్నారు. దయ చూపిస్తున్నామని చెప్పడానికి శాఖ చూపే అంకె, ప్రయాణికుడి మీద భారం పెరిగిందనడానికి సాక్ష్యం. ఈ సంగతి ఆ జవాబు రాసిన అధికారులకు తెలియదని మేము అనుకోవడం లేదు.

పెద్దవాళ్ల రాయితీ వల్ల రైల్వే వదులుకున్నది ఎంతో కూడా శాఖే చెప్పింది. 2017-18లో 1,491 కోట్లు, 2018-19లో 1,636 కోట్లు, 2019-20లో 1,667 కోట్లు. ఆ చివరి ఏడాది అంకెను 59,837 కోట్ల పక్కన పెడితే మూడు శాతం కూడా కాదు. ఏనుగు వెళ్లి తోక దగ్గర చిక్కింది. అరవై వేల కోట్ల భారం మోస్తున్నామని గొప్పగా చెప్పుకునే సంస్థకు ఆ పదహారు వందల కోట్ల దగ్గరే పొదుపు గుర్తొచ్చిందంటే, ఎదురుతిరిగి అడిగే ఓపిక లేనివాళ్ల దగ్గర కోసుకోవడం సులువన్న లెక్క తప్ప మరో లెక్క మాకు కనిపించడం లేదు.

సమాచార హక్కు చట్టం కింద బయటికొచ్చిన వివరాల ప్రకారం 2020 మార్చి 20 నుంచి 2025 ఫిబ్రవరి చివరి వరకు 31 కోట్లకు పైగా వయోవృద్ధ ప్రయాణికులు రాయితీ లేకుండా రైలెక్కారు. రాయితీ ఎత్తేయడం వల్ల రైల్వేకు అదనంగా వచ్చింది 8,913 కోట్లు. శాఖకు సగటులంటే ఇష్టం కనుక మేమూ ఒకటి తీశాం. ప్రయాణానికి 280 రూపాయల పైచిలుకు. ఈ సగటు ఏ జవాబులోనూ కనిపించదు.

అసలు ఈ 45 శాతం ఎవరికి అందుతోంది? సగటు అన్నాక కొందరికి ఎక్కువ, కొందరికి తక్కువ, కొందరికి సున్నా. ముంబై లాంటి నగరాల లోకల్ రైళ్లలో సీజన్ టికెట్ మీద తిరిగేవాళ్లకు వచ్చే సబ్సిడీ పెద్దది. అది ఉండాల్సిందే, దాన్ని మేము తప్పుపట్టడం లేదు. థర్డ్ ఏసీ సంగతి వేరు. నష్టం తేని తరగతిగా కాగ్ నివేదికల్లో దాని పేరు కనిపిస్తూనే ఉంది. మోకాళ్లు పట్టేసి, రాత్రంతా కిటికీ గాలి తట్టుకోలేక అప్పోసప్పో చేసి థర్డ్ ఏసీ కొనుక్కున్న వినుకొండ పెద్దావిడకు ఈ సగటులో వాటా ఎంత? ఆమె కడుతున్న డబ్బులోంచే మరొకరి సబ్సిడీ కొంత పోతోంది. ఆమె టికెట్టు మీద కూడా ‘మీ ఛార్జీలో కొంత భాగం దేశ ప్రజలు భరిస్తున్నారు’ అన్న అర్థంలో ఒక ముక్క అచ్చువేసి ఇస్తారు.

దేశ ప్రజలు అన్నారు కనుక ఆ ముక్క కూడా చూద్దాం. ప్రయాణికుల రైళ్ల మీద వచ్చే నష్టాన్ని రైల్వే ప్రధానంగా సరుకు రవాణా లాభంతో పూడ్చుకుంటోందని కాగ్ ఏటా చెబుతూనే ఉంది. సరుకంటే బొగ్గు, ధాన్యం, ఎరువులు, సిమెంటు. మన పల్నాడు జిల్లాకు ఈ సంగతి ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు. మాచర్లలో సిమెంటు ఫ్యాక్టరీ పెట్టి ఆరు దశాబ్దాలు దాటింది. దాచేపల్లి, పిడుగురాళ్ల చుట్టూ నేల కింద ఉన్నదంతా సున్నపురాయి. ఇక్కడి సిమెంటు వ్యాగన్లలో బయటికి పోతుంది, ఆ రవాణా ఛార్జీ బస్తా ధరలో కలుస్తుంది, ఆ బస్తా కొని ఇల్లు కట్టుకునేది మనమే. ధాన్యమైనా ఎరువైనా అంతే. శాఖ తన జేబులోంచి ఇస్తున్నట్టు చెప్పుకునే సబ్సిడీ జనం వేరే దారిలో కట్టిందే. అందులో ఆ ముసలివాళ్లు జీవితాంతం కట్టిన వాటా కూడా ఉంది.

కరోనా కాలంలో తెచ్చిన ఆంక్షలన్నీ ఇలాగే ఉండిపోయాయా అంటే అదీ లేదు. ఏసీ బోగీల్లో దుప్పట్లు, దిండ్లు 2022 మార్చిలో తిరిగొచ్చాయి. ప్యాసింజర్ రైళ్లకు ఎక్స్‌ప్రెస్ పేరు తగిలించి కనీస ఛార్జీ పది నుంచి ముప్పై చేసినవాళ్లు, సరిగ్గా ఎన్నికల ముందు, 2024 ఫిబ్రవరిలో మళ్లీ పదికి తెచ్చారు. అప్పుడు ఏ సగటూ అడ్డుపడలేదు. లాభాల మాట ఎరగని మన ఆర్టీసీ సైతం కరోనాలో ఆపిన వృద్ధుల 25 శాతం రాయితీని 2022 ఏప్రిల్ నుంచి మళ్లీ ఇస్తోంది. పల్లెవెలుగు నడిపే సంస్థకు కుదిరినది వందేభారత్ నడిపే సంస్థకు కుదరడం లేదు.

ఇక ఇంటి లెక్క. గురజాల పక్క పల్లెలో ఇద్దరే ఉంటున్న పెద్ద దంపతుల్ని తీసుకోండి. కొడుకు హైదరాబాద్‌లో. మనవడి పుట్టినరోజుకో, కంటి ఆపరేషన్‌కో, తిరుపతి మొక్కుకో నడికుడి దాకా వచ్చి రైలెక్కాలి. మూల ఛార్జీ మనిషికి 400 అనుకుందాం. పాత లెక్కన ఆయనకు 240, ఆవిడకు 200, ఇద్దరికీ కలిపి 440. ఇప్పుడు 800. పోనూ రానూ 720 రూపాయల తేడా. రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే వృద్ధాప్య పెన్షన్ నెలకు 4,000. బీపీ, షుగరు మాత్రలకు పోగా మిగిలేదాంట్లో ఆ 720 ఎంతో మంత్రిత్వ శాఖలో కూర్చున్నవారికి తెలియకపోవచ్చు, పెన్షన్ పంచే సచివాలయ ఉద్యోగిని అడిగితే చెబుతారు. పైగా 2025 జులైలో ఒకసారి, డిసెంబరులో మరోసారి కిలోమీటరుకు పైసల చొప్పున ఛార్జీలు పెంచారు. పెద్దవాళ్లకు ఆ పెంపు పడింది పూర్తి ఛార్జీ మీద.

డబ్బు ఒక్కటే అయితే పిల్లలు సర్దుతారు. కానీ చాలామంది పెద్దవాళ్లు అడగరు. టికెట్టుకు డబ్బులు పంపమని కొడుకును అడగడం కంటే ప్రయాణం మానుకోవడమే నయమనుకుంటారు. ‘ఇప్పుడెందుకులే నాయనా, పండక్కి వస్తాంలే’ అన్న మాటలో ఎన్ని వందల రూపాయలు దాగి ఉంటాయో ఈ జిల్లాలో పిల్లల్ని పట్నాలకు పంపుకున్న ప్రతి ఇంటికీ తెలుసు.

రాయితీ పోయినా సౌకర్యాలు పెంచుతున్నామని శాఖ చెప్పుకొంటోంది. నిజమే, అమృత్ భారత్ పథకంలో నరసరావుపేట, సత్తెనపల్లి, పిడుగురాళ్ల, నడికుడి, వినుకొండ, మాచర్ల స్టేషన్లు ఉన్నాయి. కొత్త ముఖద్వారాలు రావాల్సిందే. అయితే పెద్దవాళ్ల ప్రయాణం ముఖద్వారం దగ్గర అయిపోదు. ఎస్-6 ఎక్కడ ఆగుతుందో తెలియక చేతిసంచితో ప్లాట్‌ఫాం పొడవునా పరుగులాంటి నడక, రైలు ఆగే ఆ కాసిన్ని నిమిషాల్లో నిటారు మెట్లు పట్టుకుని పైకెక్కడం, లోపలికెళ్లాక టికెట్టు మీద ‘అప్పర్’ అని చూసి ఎదుటి కుర్రాణ్ణి ‘బాబూ, కింద బెర్తు ఇస్తావా’ అని బతిమాలుకోవడం. స్లీపర్ బోగీకి ఆరేడు లోయర్ బెర్తులు కేటాయించామంటారు. నలభై అయిదు దాటిన మహిళలకూ గర్భిణులకూ కూడా అవే.

స్టేషన్ల గురించి ఇంకో మాట. రైల్వే ఖాళీ స్థలాల్ని దీర్ఘకాలిక లీజుకిచ్చి ఆదాయం తెచ్చుకోవడానికి రైల్వే ల్యాండ్ డెవలప్‌మెంట్ అథారిటీ అని ఒక సంస్థే ఉంది. దానికి వచ్చే ఆలోచనల్లో దుకాణ సముదాయాలే ముందుంటాయి. ఆ స్థలాల్లో వృద్ధులకు గూడు కూడా కట్టవచ్చు. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం ప్రతి జిల్లాలో కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు ఆశ్రయం గురించి మాట్లాడుతూ, అది సులువుగా చేరుకోగల చోట ఉండాలంది. ఊరికి దూరంగా, ఆటోకు నూటయాభై పెడితే తప్ప ఆసుపత్రికి చేరలేని చోట జీ+3 అంతస్తుల ప్రభుత్వ టిడ్కో ఇళ్లు కట్టి పైఅంతస్తు ముసలివాళ్లకు కేటాయించే తెలివితో పోలిస్తే, నరసరావుపేటలాంటి చోట స్టేషనుకు నడక దూరంలో నేలమట్టపు చిన్న గదులు కట్టి తక్కువ అద్దెకు ఇవ్వడం పెద్ద బ్రహ్మవిద్య కాదు. రైలూ బస్సూ ఆసుపత్రీ దగ్గరుంటే ఒంటరిగా ఉన్న పెద్దవాళ్లు తమ బతుకు తామే నడుపుకోగలరు. కానీ టికెట్టు మీదే కనికరం చూపనివారి నుంచి ఇల్లు ఆశించడం అత్యాశే.

డబ్బున్న వృద్ధులకు రాయితీ ఎందుకన్న వాదనలో న్యాయం ఉంది. అందుకే రైల్వేపై పార్లమెంటరీ స్థాయీ సంఘం కనీసం స్లీపర్, థర్డ్ ఏసీల వరకైనా పునరుద్ధరించమంది. కోర్టుకు వెళ్లినా లాభం లేకపోయింది, ఇలాంటి విధాన నిర్ణయంలో తాము ఆదేశాలు ఇవ్వలేమని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. కనుక బంతి తిరిగి ప్రభుత్వం దగ్గరికే వచ్చింది. స్థాయీ సంఘంలో కూర్చున్నది ఎంపీలే, అందులో అధికార పక్షం వారూ ఉన్నారు. ఆ సిఫార్సుకు కూడా బదులు అదే 45 శాతం. మాజీ ఎంపీలకు ఏసీ ప్రయాణం పూర్తిగా ఉచితం. ఆ ఉచితానికి మాత్రం ‘అందరికీ ఇప్పటికే 45 శాతం ఇస్తున్నాం కదా’ అన్న వాదన వర్తించదు కాబోలు.

తెలుగుదేశం పార్టీకి లోక్‌సభలో 16 మంది సభ్యులున్నారు, వారి మద్దతు కేంద్రానికి అవసరం. ఆ పక్షానికి లోక్‌సభలో నాయకుడు మన నరసరావుపేట ఎంపీ లావు శ్రీకృష్ణదేవరాయలు. వంతెనలు, కొత్త రైళ్లు అడిగినట్టే దీన్నీ అడగాలి. స్థాయీ సంఘం చెప్పిన మేరకు స్లీపర్, థర్డ్ ఏసీ టికెట్లపై వయోవృద్ధుల రాయితీని పునరుద్ధరించే తేదీ చెప్పమని పట్టుబట్టాలి. శాఖ మళ్లీ ఆ వంద రూపాయల కాగితమే తీస్తే, దాన్ని జవాబుగా తీసుకోబోమని సభలోనే చెప్పాలి.